చూడ్డం మానేసిన ఊరు

విశాఖ జిల్లాను ఇంకా విడగొట్టలేదు. హైకోర్టు అమరావతికి వచ్చి ఎంతో కాలం కాలేదు. ఆ రోజుల్లో ఒక శీతాకాలం, ఒక హెబియస్ కార్పస్ పిటిషన్‌లో నన్ను అడ్వకేట్ కమిషనర్‌గా నియమిస్తూ డివిజన్ బెంచి ఉత్తర్వు ఇచ్చింది. ముంచింగిపుట్టు మండలంలో, ఒడిశా సరిహద్దుకు దగ్గరగా కొండమీద ఉన్న ఒక గూడేనికి వెళ్లి, జమ్ని అనే ఆదివాసీ స్త్రీ బతికి ఉందో లేదో విచారించి నివేదిక ఇవ్వాలి. ఆ గూడెం పేరు ఇక్కడ రాయడం లేదు. మనుషుల పేర్లు కూడా మార్చాను. వాళ్లలో చాలామంది ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

వృత్తి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఒక మనిషిని ఎవరో అక్రమంగా నిర్బంధించారని నమ్మినప్పుడు, ఆ మనిషిని తెచ్చి తమ ముందు నిలబెట్టమని న్యాయమూర్తులను కోరే పిటిషనే హెబియస్ కార్పస్. న్యాయమూర్తులు కొండలెక్కి రాలేరు కాబట్టి ఒక్కోసారి తమ బదులు ఒక లాయరును పంపుతారు. ఆ లాయరే కమిషనర్. కమిషనర్ ఎవరి తరఫునా వాదించకూడదు. చూసింది రాయాలి, విన్నది రాయాలి. అనుకున్నది రాయకూడదు.

నన్నే ఎందుకు పంపారో ఊహించడం కష్టం కాదు. నేను అరకు లోయలో పుట్టాను. ఆశ్రమ పాఠశాలలో చదివి, విశాఖలో లా పూర్తిచేసి, మా కొండల నుంచి నల్లకోటు వేసుకున్న మొదటి ఆడమనిషినయ్యాను. మొదటి ఏడాది కోర్టు బంట్రోతు నన్ను సాక్షుల బల్ల మీద కూర్చోమనేవాడు. అప్పటి నుంచి భూముల కేసులు, స్టేషనుకు తీసుకెళ్లాక కనబడకుండా పోయిన కుర్రాళ్ల కేసులు, చిల్లంగి కేసులు చూస్తూ వచ్చాను. చేతబడిని మా వైపు చిల్లంగి అంటారు. ఆ ముద్ర పడినవాళ్లకు పళ్లు రాలగొట్టడం, ఊరినుంచి తరిమేయడం, చంపి వాగులో పడేయడం అన్నీ చూశాను. వాళ్ల తరఫున నిలబడే మనిషిగా నాకు పేరొచ్చింది.

పిటిషన్ వేసింది జమ్ని కూతురు కమల. అరకులో కాఫీ గింజలు ఏరే షెడ్డులో పనిచేసేది. ఆమె అఫిడవిట్ ప్రకారం జరిగింది ఇది. ఆ ఏడు వానల్లో గూడెంలో చిన్నపిల్లలు ముగ్గురు జ్వరాలతో వరసగా పోయారు. జమ్ని భర్త లేని మనిషి. ఊళ్లో పురుళ్లు పోసేది. ఆ ముగ్గురినీ భూమ్మీదికి తెచ్చింది ఆమె చేతులే. తెచ్చిన చేతులే తీసుకుపోయాయన్న మాట పుట్టింది. కొన్నాళ్లకు జమ్ని చనిపోయిందని కమలకు కబురొచ్చింది. ఆమె వెళ్లేసరికి సమాధి చూపించారు. కమల ఏడ్చి వచ్చేసింది. ఆ తర్వాత ఒక సంత రోజున జీపులో వెళుతుంటే, రోడ్డు పక్కన కట్టెలమోపుతో నడుస్తున్న తల్లి కనబడింది. కమల కేక వేసింది. తల్లి ఆమె వైపు చూసి, కొంగుతో మొహం కప్పుకుని తుప్పల్లోకి వెళ్లిపోయింది.

దానికి పోలీసులు దాఖలు చేసిన జవాబు, అంటే కౌంటరు, చాలా చిన్నది. ఊరి పెద్ద, పూజలు చేసే దిసారి, ఇరుగుపొరుగు అందరూ జమ్ని చనిపోయిందని వాంగ్మూలం ఇచ్చారు. సమాధి ఉంది. రేషను బియ్యానికి ఆమె వేలిముద్ర పడటం మానేసింది. కూతురు దుఃఖంలో పొరబడింది. చదివితే అబద్ధంలా కనిపించదు. బెంచి నాకు ఇచ్చిన పని, ఆ సమాధి చూసి, అవసరమైతే తవ్వించమని తహసీల్దారును కోరుతూ రాయడం.

గ్రామ రెవెన్యూ అధికారి సత్యారావు నాకు తోడు వచ్చాడు. శృంగవరపుకోట వైపు కుర్రాడు, ఉద్యోగంలో కొత్త. ఉత్తర్వులో పోలీసు సాయం తీసుకోవచ్చని ఉన్నా, యూనిఫారం చూస్తే నోళ్లు పడిపోతాయని కానిస్టేబుళ్లను మండల కేంద్రంలోనే ఉండమన్నాను. కమలను కూడా అక్కడే, తెలిసిన కొట్టువాళ్ల ఇంట్లో కూర్చోబెట్టాను. చిల్లంగి ముద్ర తల్లి నుంచి కూతురికి పాకడం నాకు కొత్త కాదు. బయల్దేరే ముందు కమల నాకు తల్లి గుర్తులు చెప్పింది. గడ్డం మీద పచ్చబొట్టు చుక్కలు. ఎడమ చేతి చిటికెన వేలు కొడవలికి తెగి లోపలికి వంగిపోయి ఉంటుంది.

జీపు వెళ్లినంత దూరం వెళ్లి, అక్కడ డ్రైవరును ఉంచి, మేమిద్దరం నడక మొదలుపెట్టాం. పొద్దెక్కినా మంచు వీడలేదు. దారికి రెండు వైపులా వలిసె పూలు, ఆ పసుపు రంగు కూడా మంచులో బూడిదలా ఉంది. గూడెం కనబడక ముందే రోకటిపోటు వినబడింది. మేం దగ్గరయ్యేసరికి అది ఆగిపోయింది.

ఊరి పెద్ద పేరు సోమ్రా. అరవై దాటిన మనిషి. ఆయన ఇంటి అరుగు మీదే వాంగ్మూలాలు రాసుకున్నాను. వాళ్లలో వాళ్లు ఆదివాసీ ఒడియా మాట్లాడుకుంటారు, నాకు ఆ భాష వచ్చు. నాతో మాత్రం సంతలో మాట్లాడే తెలుగే మాట్లాడారు. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగాను, ఒకరి మాట ఒకరికి వినబడకుండా. అందరూ ఒకటే చెప్పారు.

"సచ్చిపోనాదమ్మా. వానల్లో పోనాది. దినం కూడా సేసీసినాం."

సాక్షుల్ని చూసీ చూసీ, అబద్ధం చెప్పేవాడి గొంతు ఎక్కడ పలుచబడుతుందో నాకు కొంత తెలుసు. అక్కడ ఎవరి గొంతూ పలుచబడలేదు. వాళ్లు నా కళ్లలోకి చూస్తూ చెప్పారు. వాళ్లకు తెలిసింది అదే అన్నట్టు చెప్పారు. పోలీసుల కౌంటరే నిజమని నాకు కూడా అనిపించసాగింది.

అప్పుడే వాకిట్లోకి ఒక ఆడమనిషి వచ్చింది. వెలిసిపోయిన ఆకుపచ్చ చీర, తలమీద కొంగు. అరుగు ముందు పదిమంది నిలబడి ఉన్నారు. ఆమె వాళ్ల మధ్య నుంచి నడిచింది. వాళ్లు మాట ఆపలేదు, తల తిప్పలేదు. కానీ ఒకరి తర్వాత ఒకరు కొద్దిగా ఒరిగి దారి ఇచ్చారు, గాలి తగిలితే చేను ఒరిగినట్టు. ఆమె ఆ సందులోంచి దాటి, ఇంటి వెనక్కి వెళ్లిపోయింది. ఒక కుక్క మాత్రం తోక ఊపుకుంటూ ఆమె వెంట పోయింది.

నేను ఎవరింటి ముసలమ్మో అనుకున్నాను. సత్యారావు పక్కనున్న బారికిని, అంటే ఊరి కబుర్లు మోసే మనిషిని, మామూలుగా అడిగాడు, ఇప్పుడు వెళ్లినావిడ ఎవరని.

బారికి ఆ వైపు చూశాడు. "అక్కడ ఎవులూ నేరు బాబూ" అన్నాడు.

సత్యారావు నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. నేను అతన్ని ఇంకేమీ అడగొద్దని సైగ చేశాను. కమిషనర్‌గా నేను చేయాల్సిన పనులు మనసులో వరసగా చెప్పుకున్నాను, భయం వేసినప్పుడు అది నా అలవాటు. సమాధి చూపించమని సోమ్రాను అడిగాను. ఆయన బారికిని తోడిచ్చి పంపాడు.

సమాధి ఊరి చివర, పనసచెట్ల కింద ఉంది. మట్టిదిబ్బ, తలవైపు నిలువుగా ఒక రాయి. రాయి ముందు అడ్డాకు విస్తరి, అందులో సామన్నం, కాస్త చింతపండు పులుసు. అన్నం మీద ఇంకా ఆవిరి ఉంది.

చనిపోయిన వాళ్లకు దినం నాడు కూడు పెట్టడం మాకూ ఉంది. వానల్లో పోయిన మనిషికి శీతాకాలంలో వేడి అన్నం పెట్టడం నేనెక్కడా చూడలేదు. రోజూ పెడతారా అని బారికిని అడిగాను. రోజూ పెడతామన్నాడు, ఇంటికొకరు వంతు. మిగతా సమాధుల ముందు ఏమీ లేదు.

మేం మాట్లాడుతుండగానే పనసచెట్ల వెనకనుంచి ఆ ఆకుపచ్చ చీర మనిషి వచ్చింది. బారికి మెల్లగా ఇటు తిరిగి, ఇక పోదామన్నాడు. ఆమె మట్టిదిబ్బ పక్కన కూర్చుంది. తన సమాధి పక్కన తను. విస్తరి దగ్గరికి లాక్కుని తినసాగింది. ఎడమ చేయి రాయి మీద ఆనించింది. చిటికెన వేలు లోపలికి వంగి ఉంది.

నేను నిలబడ్డ చోటునుంచే ఫోనులో ఆమె ఫొటో తీశాను. ఆమె, ఆమె గడ్డం మీద చుక్కలు, విస్తరి, రాయి, అన్నీ వచ్చాయి. పేరు పెట్టి పిలిచాను. తల ఎత్తలేదు. దగ్గరికి వెళ్లి ఆదివాసీ ఒడియాలో మళ్లీ పిలిచాను. ఆమె నన్ను చూసింది, చూసి కొంగుతో నోరు గట్టిగా మూసుకుంది. మాట బయటికి రాకుండా మూసుకున్నట్టుంది.

నా ముందు ఇప్పుడు వృత్తిపరమైన చిక్కు ఒకటి ఉంది. ఈ మనిషే జమ్ని అని నేను నమ్మితే చాలదు. ఎరిగినవాళ్లు ఎవరైనా గుర్తించాలి. ఊరు ఊరంతా అక్కడ ఎవరూ లేరంటోంది. సోమ్రా అరుగు దగ్గరికి తిరిగి వచ్చి, మాట్లాడకుండా ఫోను ఆయన చేతికిచ్చాను.

ఆయన తెర మీదికి వంగి చాలాసేపు చూశాడు. మొహం మెత్తబడింది.

"జమ్నే. బతికున్నప్పుడు తీసినారేటమ్మా ఈ ఫొటో?"

"ఇప్పుడే తీశాను" అన్నాను.

ఆయన తెర మీద ఉన్న రాయిని చూశాడు. విస్తరిని చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లను వాళ్ల భాషలో పొమ్మన్నాడు. అందరూ లేచి వెళ్లారు. సత్యారావు కూడా దూరంగా వెళ్లి నిలబడ్డాడు. ఆ తర్వాత సోమ్రా నాతో చెప్పిందంతా ఫోనులోని బొమ్మను చూస్తూనే చెప్పాడు. ఒక్కసారి కూడా పనసచెట్ల వైపు తల తిప్పలేదు.

మూడో బిడ్డ పోయిన రోజున కుర్రాళ్లు కత్తులు నూరారట. జమ్నిని వాగు దగ్గరికి తీసుకుపోవడానికి సిద్ధమయ్యారు. ఆపడం తన వల్ల కాదని ఆయనకు తెలుసు. ఆయన మనవలకు కూడా జమ్నే పురుడు పోసింది. ఆయన దిసారితో మాట్లాడి, ఊరంతటినీ పిలిచి, జమ్ని చనిపోయింది, ఇక ఎవరిని చంపుతారని అడిగాడు. గొయ్యి తీసి అందులో ఆమె పెళ్లినాటి చీర పెట్టి పూడ్చారు. దినం చేశారు. ఆ రోజునుంచి ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు, ఆమె వైపు చూడకూడదు. మాట్లాడినవాళ్లు కూడా చనిపోయినవాళ్ల కిందే లెక్క. సమాధి ముందు కూడు పెట్టడం దిసారి చెప్పిన మాట. ఎందుకు చెప్పాడో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

"సూత్తే సంపాల. అందుకే సూడ్డం మానీసినాం" అన్నాడు సోమ్రా.

నేను ఆయనకు చట్టం చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. అంతా విని, మీ కోర్టు అది బతికుందని రాస్తే అదే రోజు అది నిజంగా చచ్చిపోతుందని మామూలు గొంతుతో అన్నాడు. బెదిరింపు కాదు. వాన వస్తుందని చెప్పినట్టు చెప్పాడు. నువ్వు దాంతో మాట్లాడితే మేం నీతో మాట్లాడలేం, ఆలోచించుకోమని కూడా అన్నాడు.

ఆలోచించడానికి ఎక్కువేమీ లేదు. ఫొటో సంగతి అప్పటికే ఊరికి తెలిసిపోయింది. ఆమెను అక్కడ వదిలి, కొండ దిగి, నివేదిక రాసి, బెంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగితే ఆమె ఉండదు. తీసుకెళ్లాలంటే నాకు ఆ అధికారం లేదు. కమిషనర్ ఎవరినీ బలవంతాన కదిలించకూడదు. ఆమె తన నోటితో వస్తానంటేనే తీసుకెళ్లగలను. ఆమె నోరు మూసుకుని కూర్చుంది.

నేను మళ్లీ పనసచెట్ల కిందికి వెళ్లాను. ఈసారి బారికి రాలేదు. ఆమె ఇంకా అక్కడే ఉంది. విస్తరిలో సగం అన్నం మిగిలి ఉంది. నేను సమాధికి అటు వైపు కూర్చున్నాను. కొంతసేపటికి విస్తరిని నా వైపు లాక్కుని ఒక ముద్ద తీసుకున్నాను.

ఆ పని చేయమని ఏ రూలులోనూ లేదు. చేసేటప్పుడు నాకు భయం వేసిందన్నది కూడా నిజం. చచ్చినవాళ్ల కూడు ముట్టుకున్న వేళ్లు నల్లబడతాయని మా అమ్మమ్మ చెప్పిన మాట, నా చదువు కింద ఎక్కడో పడి ఉన్నది, ఆ ముద్దతో పాటు గొంతులోకి వచ్చింది. మింగాను.

ఆమె కొంగు తీసి నన్ను తేరిపార చూసింది. నెలల తరబడి వాడని గొంతు బొంగురుగా, తుప్పు పట్టినట్టుగా వచ్చింది. ఆమె తన భాషలో అడిగింది. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది.

"నువ్వెప్పుడు సచ్చిపోనావప్పా?"

ఆమె జాలిగానే అడిగింది. నేను చనిపోలేదన్నాను. ఆమె నమ్మలేదు. తనతో మాట్లాడుతున్నాను కాబట్టి అది అబద్ధమే. వాదించడం మానేసి, కమల పంపిస్తే వచ్చానని చెప్పాను. ఆ పేరు వినగానే ఆమె చేయి ఆగిపోయింది. సంత రోజున కమల పిలిస్తే పలకలేదని, పలికితే ఆ పిల్ల కూడా ఇవతలికి, చచ్చినవాళ్లలోకి వచ్చేస్తుందని భయపడ్డానని చెప్పింది. తుప్పల్లో దాక్కుని జీపు పోయేదాకా నోట్లో కొంగు కుక్కుకుందట. నాతో వస్తావా అని అడిగాను. చనిపోయినవాళ్లు ఊరు వదిలి పోవచ్చా అని ఆమె అడిగింది. నాతో వస్తే పోవచ్చన్నాను. ఆమె లేచి నిలబడింది. నా నివేదికలో అది 'స్వచ్ఛందంగా సమ్మతించింది' అనే రెండు మాటలుగా ఉంది.

బయటికి వెళ్లాలంటే ఊరి మధ్యగానే వెళ్లాలి. మేమిద్దరం ఆ సందులో నడిచాం. గుమ్మాల్లో ఆడవాళ్లు సామలు చెరుగుతున్నారు. చేటలు ఆగలేదు. ఒక పసిపిల్ల నా వైపు చూసింది. తల్లి ఆ పిల్ల గడ్డం పట్టుకుని మొహం పక్కకు తిప్పింది. సోమ్రా అరుగు మీద చుట్ట వెలిగించుకుంటున్నాడు. ఆయన వాంగ్మూలం కింద వేలిముద్ర ఇంకా తీసుకోవాలి. పేరు పెట్టి పిలిచాను. ఎదురుగా నిలబడి, కోర్టు పని మిగిలి ఉందని చెప్పాను. ఆయన చుట్ట పొగ నా మొహం మీదుగా పోయింది. ఆయన కళ్లు నా మీద ఆగకుండా నా వెనకనున్న కొండ మీదికి వెళ్లాయి. కాసేపటి క్రితం గంటసేపు నాతో మాట్లాడిన మనిషి.

నా గొంతు నాకే వినబడుతోందా లేదా అని ఒక క్షణం అనుమానం వచ్చింది. మరొక్కసారి పిలిచి చూడాలన్న కోరిక పుట్టింది. అది పుట్టగానే అక్కడినుంచి కదిలాను. ఒక్క పూటకే నాకు అలా ఉంటే, జమ్ని ఎన్ని నెలలు ఆ గుమ్మాల ముందు తిరిగిందో అప్పుడు అర్థమైంది.

సత్యారావు మాకంటే ముందు నడిచాడు. దారి పొడుగునా వెనక్కి తిరగలేదు. నేను మాట్లాడితే సమాధానం చెప్పేవాడు, కానీ ముందుకు చూస్తూనే చెప్పేవాడు. మంచులో అతని వీపు కనబడుతూ మాయమవుతూ ఉంది. జీపు దగ్గరికి వచ్చాకే ఆగి, మెల్లగా తిరిగి, మా ఇద్దరినీ చూసి ఊపిరి వదిలాడు. మీ అడుగుల చప్పుడు వినబడటం లేదు మేడం అన్నాడు. తడినేల మీద ఎవరి అడుగులూ వినబడవని చెప్పాను. అతనికీ తెలుసు.

డ్రైవరుకు ఇదేమీ తెలియదు. తలుపు తీసి, "బేగి ఎక్కమ్మా, మంచు దిగిపోతంది" అని జమ్నితోనే అన్నాడు. ఆమె అతన్ని ఎగాదిగా చూసి, నా చెవి దగ్గర అంది.

"ఈ గుంటడు కూడా పోనాడా, పాపం."

ముంచింగిపుట్టులో తల్లీకూతుళ్లు కలుసుకున్న సంగతి రాయడం నాకిష్టం లేదు, కానీ చదివేవాళ్లు అది సంతోషంగా జరిగిందనుకుంటారు కాబట్టి రాస్తున్నాను. కమల పరుగెత్తుకు వచ్చి తల్లి చేతులు పట్టుకుంది. జమ్ని ఆ చేతుల్ని చూసి, కూతురి మొహం తడిమి, నేలమీద కూలబడి శోకాలు మొదలుపెట్టింది. అవి చనిపోయిన బిడ్డ కోసం మావాళ్లు పెట్టే శోకాలు. కూతురి పేరు, ఆమె పుట్టిన నెల, ఆమె నడిచిన మొదటి వాగు, వరసగా పాడుతూ ఏడ్చింది. కమల ఎదురుగా కూర్చుని, నేను బతికే ఉన్నానమ్మా అని చెబుతూనే ఉంది. బజారులో జనం చుట్టూ చేరారు. కానిస్టేబుళ్లు వాళ్లను దూరం పంపారు. తల్లిని అరకు తీసుకెళ్లేటప్పుడు కమల నన్ను ఒకటే అడిగింది, ఇది తగ్గుతుందా అని. తెలియదన్నాను.

విశాఖలో ఒక మానసిక వైద్యురాలు జమ్నిని చూసింది. కొన్ని వారాల తర్వాత జమ్ని కూతురి చేతి అన్నం తినడం మొదలుపెట్టింది. ఇతరులతో మాత్రం మాట్లాడేది కాదు.

నివేదికలో నేను ఫొటో జతచేశాను. సోమ్రా గుర్తింపు మాటను, అతను చెప్పినదంతా, వేలిముద్ర లేకుండానే, ఎందుకు లేదో వివరిస్తూ రాశాను. సమాధి ముందు అన్నం తిన్న సంగతి కూడా రాశాను. చేసినదాన్ని దాచే హక్కు కమిషనర్‌కు లేదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఆ పేరా మీద అభ్యంతరం చెప్పాడు, కమిషనర్ హద్దు దాటారని. ఆయన రెండో వాదన ఇంకా బలమైంది. తాళం లేదు, కాపలా లేదు, కొట్టినవాళ్లు లేరు, తిండి పెట్టారు. ఇందులో నిర్బంధం ఎక్కడుంది?

బెంచి జమ్నిని హాజరుపరచమంది. కమల ఆమెను అమరావతి తీసుకొచ్చింది. కేసు పిలిచినప్పుడు ఇద్దరు న్యాయమూర్తుల్లో పెద్దావిడ, ఫైలు పక్కన పెట్టి, తెలుగులో నేరుగా అడిగారు, మీ పేరేమిటమ్మా అని. నేను అనువాదం చేయబోతే వద్దన్నారు. కోర్టు హాలు నిండా లాయర్లు. అందరి చూపూ ఆ బక్క మనిషి మీదే ఉంది. జమ్ని ఆ కళ్లన్నిటినీ చూసింది. ఒక వరసనుంచి మరో వరసకు, ఎవరు చూపు తిప్పుకుంటారా అన్నట్టు చూసింది. ఎవరూ తిప్పుకోలేదు.

"జమ్ని అనీవోరు" అంది.

న్యాయమూర్తి స్టెనోకు చెప్పి రాయించారు. పిటిషనర్ తల్లి జమ్ని సజీవంగా మా ముందు హాజరైంది, మేము ఆమెతో మాట్లాడాము. ఇప్పుడు ఏం రాశారని జమ్ని నన్ను అడిగింది. నువ్వు బతికున్నావని రాశారని చెప్పాను. రాసేశారా, ఇక చెరపరా అని అడిగింది. చెరపరన్నాను. ఆమె తల ఊపింది. ఆ తర్వాత బయట వరండాలో, నీళ్లు ఇచ్చిన అటెండరుతో తనంతట తానే ఒక మాట మాట్లాడింది. ఇంకో గ్లాసు కావాలంది.

మనిషిని గోడల్లేకుండా కూడా బంధించడం సాధ్యమేనని, ఇదీ నిర్బంధమేనని బెంచి ఉత్తర్వులో అంది. సోమ్రా మీద కేసు పెట్టాలా అని నా అభిప్రాయం అడిగారు. అతను ఒక హత్యను ఆపాడనీ, ఆపిన పద్ధతి ఇంకో రకం నేరమనీ రాసి, అరెస్టు వద్దన్నాను. బెంచి అదే ఒప్పుకుంది. గూడేనికి వైద్య బృందాన్ని పంపారు. పిల్లల్ని తీసుకుపోయింది మలేరియా అని వాళ్లు తేల్చారు. గూడెంలో కొందరు నమ్మారు. జమ్ని తిరిగి అక్కడికి వెళ్లలేదు. అరకులో కూతురి దగ్గరే ఉండి, మెల్లగా కాఫీ షెడ్డులో పనికి కుదిరింది. పురుళ్లు మాత్రం మళ్లీ పోయలేదు.

సోమ్రాను నేను తర్వాత రెండుసార్లు ముంచింగిపుట్టు సంతలో చూశాను. రెండుసార్లూ ఆయన నా పక్కనుంచే నడిచి వెళ్లాడు. ఆ గూడేనికి సంబంధించినంతవరకు నేను ఇప్పటికీ లేను. వాళ్లకు పోడు పట్టాల తగువు వచ్చినప్పుడు వేరే లాయరును పంపాల్సి వచ్చింది.

ప్రాక్టీసు ఆపేశాక, కొత్తగా వచ్చే జూనియర్లకు ఈ కేసు నుంచి రెండు సంగతులు చెబుతుంటాను. మొదటిది, ఊరంతా ఒకే మాట చెబితే, అందులో ఎవరూ అబద్ధం చెప్పకపోయినా, అది రుజువు కాదు. రెండోది పని పద్ధతికి సంబంధించినది. తప్పిపోయిన మనిషి కోసం వెళ్లినప్పుడు మనం ఎక్కడ దాచారని అడుగుతాం, తాళాలు వెతుకుతాం. ఆ గూడెం తర్వాత నేను అలా మొదలుపెట్టడం మానేశాను. ముందు ఊరి మధ్యలో కాసేపు కూర్చుని, జనం చూపులు ఏ చోట ఆగకుండా జారిపోతున్నాయో చూసేదాన్ని. ఆ అలవాటు వల్ల తర్వాతి ఏళ్లలో మరో ఇద్దరు దొరికారు. ఒకరు బతికి ఉన్నారు.